పుట్టింటి కొమ్ము, మెట్టినింటి కొమ్ము

జయశీలకు మొగుడి మీద ఒకటే ఫిర్యాదు. ఆయన తాగడు.

తాగే మొగుళ్లున్న ఇళ్లు ఆ వీధిలో మూడున్నాయి. వారానికొకసారైనా ఆ మగవాళ్లు అరుగు మీద కూలబడి, "తప్పయిపోయిందే, నీ మాట విననందుకు నన్ను చెప్పుతో కొట్టాల" అని వీధంతా వినబడేలా ఒప్పుకుంటారు. ఆ మాట వినే భాగ్యం జయశీలకు తొమ్మిదేళ్లలో ఒక్కనాడూ కలగలేదు. తిమోతి మాస్టారు తాగడు, చుట్ట కాల్చడు, పేక ముట్టడు, ఆదివారం అందరికంటే ముందు గుడికి పోయి కూర్చుంటాడు. తప్పు చేసే సందు లేకపోయేసరికి, ఒప్పుకునే అలవాటు ఆయనకు పడనే లేదు. రైలు తప్పిపోతే రైలు ముందొచ్చిందంటాడు. కూరలో ఉప్పు వేసిన సంగతి మరిచిపోయి రెండోసారి తనే వేసి, ఈ ఉప్పు మంచి రకం, బాగా పట్టిందంటాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. అలాంటి మనిషితో జయశీలకు అసలైన పేచీ కుందేటి కొమ్ముల దగ్గర రావడం, బహుశా దేవుడికి కూడా అప్పుడప్పుడూ పొద్దుపోదు గనకే.

కుందేటి కొమ్ములంటే అడవి మొక్క. ముళ్లకంపల నీడన, ఆకన్నది లేకుండా, నాలుగు పలకల పచ్చటి కాడలుగా నిటారుగా లేస్తుంది. తాగిన నీళ్లన్నీ కాడలోనే దాచుకుని ఏప్రిల్ ఎండను కూడా లెక్కచేయదు. పలకల అంచు నార ఒలిచి, పచ్చిమిరపకాయలతో మగ్గబెట్టి, ఇంత చింతపండు వేసి రోట్లో నూరితే పుల్లపుల్లగా, వెనకాల చిన్న చేదుతో పచ్చడి అవుతుంది. ఆ చేదు కోసమే తినేవాళ్లు తింటారు.

జయశీల పుట్టిన వెంకటాచలంలో ఎర్రగరుపు దిబ్బల మీద దొరికే కొమ్ము చిటికెనవేలంత సన్నం. కొస ఎలక తోకలా సాగి ఉంటుంది. మెట్టిన సూళ్లూరుపేటకు, పులికాట్ సరస్సుకు అవతలి దీవి నుంచి చెంచులక్ష్మి పడవ దాటి గంపలో తెచ్చే కొమ్ము బొటనవేలంత లావు, కొస మొండి. కాపురానికి వచ్చిన మొదటి వారమే పచ్చడికి ఆ కొమ్ములు ఒలుస్తూ జయశీల అనేసింది: "ఇది మా ఊరి కొమ్ము కాదు. దీని జాతే వేరు."

కొత్త పెళ్లికొడుకు తిమోతి నవ్వాడు. "రెండూ ఒకటే జయా. మట్టి తేడా. మీ వెంకటాచలం మట్టిలో బలం లేదు, అందుకని అక్కడ బక్కగా వస్తాది. ఇక్కడ సముద్రపు గాలి, ఇసక నేల. బాగా తిని లావెక్కింది."

బలం లేదన్నది మట్టినా, మట్టితోపాటు వచ్చిన మనిషినా అన్నది జయశీలకు ఆ రోజు తేలలేదు. పెళ్లినాడు ఆమె బరువు ఎంతో చెప్పడం ఇక్కడ అనవసరం. గాలివాన రోజుల్లో ఆమెను వాళ్ల నాయన బయటికి పంపేవాడు కాదని మాత్రం చెప్పుకోవచ్చు.

తిమోతి హైస్కూల్లో సైన్సు మాస్టారు. పద్నాలుగేళ్లుగా, ఏటా జులై నెలలో, పరిసరాల ప్రభావం అనే పాఠం రాగానే నల్లబల్ల మీద ఎడమవైపు ఒక సన్న కొమ్ము, కుడివైపు ఒక లావు కొమ్ము గీసి, "ఒకే మొక్క, రెండు రకాల మట్టి" అని కింద గీత గీస్తాడు. జయశీల మద్రాసులో బి.ఎస్సీ. చదివింది, అదీ బాటనీ. అయితే ఆ నల్లబల్ల ఉన్న గదిలోకి ఆమెకు ప్రవేశం లేదు. వంటింట్లో ఎంత వాదించినా వంటింటి గోడ మీద రాసే వీల్లేదు.

అసలీ తగువు ఏనాడో తేలవలసింది. తేలకపోవడానికి కారణం తిండి. కొమ్ము పూసిందంటే నారపడి చేదెక్కుతుంది. అందుకని పూయకముందే తుంచేస్తారు. తరతరాలుగా కొమ్ము రుచి తెలియనివాడు ఆ చుట్టుపక్కల లేడు. కొమ్ము పువ్వు చూసినవాడూ లేడు.

*

1961 జనవరిలో మద్రాసు నుంచి కార్డొచ్చింది. జయశీలకు కాలేజీలో బాటనీ చెప్పిన నవోమి టీచరమ్మ రాసింది. ఆవిడ రాత ఆవిడ లాగే సూటిగా ఉంటుంది.

"నెల్లూరు తీరపు మొక్కల జాబితా ఒకటి అచ్చు వేయిస్తున్నాను. మీ వైపు కుందేటి కొమ్ములు రెండు జాతులని పెళ్లయిన కొత్తలో ఉత్తరాల్లో నాతో పోట్లాడావు, జ్ఞాపకం ఉందా? కాడలు చూసి నేను నమ్మను. కాడ మట్టిని బట్టి మారినా మారవచ్చు, పువ్వు మారదు. రెండింటి పూలూ అక్టోబరు ముప్పై ఒకటికి నా బల్ల మీద ఉంటే రెండని వేసి, పక్కన నీ పేరు వేస్తాను. లేకపోతే ఒకటనే వేస్తాను. ఇంతకీ చదివిన చదువును ఊరగాయ పెట్టేశావా?"

జయశీల పేరు అంతవరకు ఒకేసారి అచ్చులో పడింది, పెళ్లి పత్రికలో. అందులోనూ ఒక అక్షరం తప్పు. ఆమె ఆ కార్డును మూడుసార్లు చదివి, నాలుగోసారి పైకి చదివింది.

తిమోతి విని, కళ్లజోడు తుడుచుకుని, "ఒకటనే వేస్తారు పాపం. ఆమెకు నా నమస్కారాలు రాయి," అన్నాడు.

"రెండని తేలితే?"

"తేలదు."

"తేలితే అంటా ఉండాను."

"తేలితే," తిమోతి అరచేయి ఎత్తాడు, ప్రమాణం చేసేవాడిలా, "మనింట్లో కూటం జరిగేటప్పుడు, సాక్ష్యాల వేళ లేచి నిలబడి, నేను చెప్పింది తప్పని అందరి ముందర చెప్తా. సరేనా?"

కూటమంటే నెలకొకరి ఇంట్లో సంఘస్తులంతా చేరి పాటలు పాడి ప్రార్థన చేసుకోవడం. సాక్ష్యాల వేళ ఒక్కొక్కరే లేచి, దేవుడు తమను ఏయే తప్పుల నుంచి తప్పించాడో చెప్పుకుంటారు. తిమోతి ఏటా లేచి, దేవుడు తనను మలేరియా నుంచి తప్పించాడని చెప్పేవాడు.

"అత్తా, విన్నావు గదా?" జయశీల వంటింటి వైపు తిరిగింది.

"వినినాను," అంది అత్తగారు ఎలిశబెతమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "వీడు పుట్టినప్పుడు ఏడవను కూడా ఏడవలా. మంత్రసాని గిల్లితే, తప్పు నీదేగాని నాది కాదన్నట్టు చూసినాడు. వీడి నోట తప్పనే మాట వింటే నేను సుఖంగా కన్ను మూస్తాను."

"అయితే నువ్వు నిండా నూరేళ్లు బతకతావులే అమ్మా," అన్నాడు కొడుకు.

*

జయశీల నవోమి టీచరమ్మ ప్రశ్నకు జవాబుగా నిజంగానే ఊరగాయ జాడీ తీసింది. అడుగు పగిలి మూలనపడ్డ పెద్ద జాడీ. పగులు మంచిదే, నీళ్లు నిలవవు. అందులో వెంకటాచలం ఎర్రగరుపు సగం, దీవి ఇసక సగం కలిపి పోసి, నడుమ ఒక పెంకు అడ్డం నిలిపింది. ఒకే మట్టి, ఒకే నీళ్లు, ఒకే ఎండ. తేడా మట్టిదైతే ఆరునెలల్లో రెండూ ఒకే తీరుకు రావాలి.

"న్యాయంగానే ఉండాది," అని తిమోతి కూడా ఒప్పుకున్నాడు. ఆయనలో అదొక సుగుణం. పోరు ఓడిపోడుగాని, పోరు నియమాలు మాత్రం తప్పడు. "చూస్తా ఉండు. మీ బక్కది లావెక్కతాది, లేకపోతే మా లావుది చిక్కతాది."

సన్న కొమ్ములను జయశీల స్వయంగా పుట్టింటికి పోయి, వేళ్లతో తవ్వి, అన్నం క్యారియరులో పెట్టుకుని పాసింజరు బండిలో తెచ్చింది. లావు కొమ్ములు వేళ్లతో కావాలంటే చెంచులక్ష్మి గంప దించి నడుం మీద చేయి పెట్టుకుంది.

"వేరుతో పీకితే మళ్లా యాడ మొలస్తాదమ్మా? కొమ్మ తుంచాల, వేరు వదలాల. మా అమ్మ నాకు చెప్పింది అదే."

"తినేదానికి కాదు చెంచులక్ష్మీ, పెంచేదానికి."

"దీన్ని పెంచేదేందమ్మా!" చెంచులక్ష్మి పగలబడి నవ్వింది. "దేవుడే నాటి మరిచిపోయినాడు. దానంతట అదే బతకతా ఉండాది."

"దీని పువ్వు చూసినావా ఎప్పుడన్నా?"

"పూసిందాక యాడ ఉంచతాం? అంతలోకే కడుపులోకి పోతాది గదా." కానీ ఆమె కళ్లలో కూడా ఏదో మెరిసింది. "పూస్తే నాకూ చూపించమ్మా," అంది. వారం తిరిగేసరికి వేళ్లతో మూడు మంచి కొమ్ములు తెచ్చి ఇచ్చి, వేళ్లు తీసిన చోట ఒక తుంచుడు కొమ్మ గుచ్చి వచ్చానని కూడా చెప్పింది.

మార్చి మొదటి శనివారం నాట్లు. ఎడమ సగంలో పుట్టింటివి మూడు, కుడి సగంలో మెట్టినింటివి మూడు. సోమవారం సోమవారం ఒక్కో సగానికి ఒక్కో చిన్న గ్లాసు నీళ్లు. ఎండ ఒకవైపే పడకుండా శనివారం శనివారం జాడీని ఒక మలుపు తిప్పడం. నెలకొకసారి కొమ్ము చుట్టూ దారం చుట్టి, కొలత దగ్గర ముడి వేసి, ఆ దారాలను గోడ క్యాలెండరు వెనక గుండుసూదులతో గుచ్చేది. తిమోతి బడి నుంచి వచ్చి దారాలను స్కేలు మీద పెట్టి చూసి, "ఇంకా టైముంది," అనేవాడు.

మరో కొమ్మును కాగితాల మధ్య పెట్టి ఎండబెడదామని, ఇంట్లో అన్నిటికన్నా బరువైన పెద్ద బైబిలు కింద పెట్టింది. నెల తరువాత తీసి చూస్తే ఎండడం అటుంచి, చివరన పచ్చటి మొలక వేసింది.

"బైబిలు కింద పెడితే చస్తాదా ఏదైనా?" అంది ఎలిశబెతమ్మ, దాన్లో ఆశ్చర్యపోవలసిందేమీ లేనట్టు.

ఏప్రిల్, మే ఎండలకు వీధిలో తులసి మొక్కలు కూడా వాడిపోయాయిగాని కొమ్ములు వాడలేదు. సన్నవి సన్నగానే, లావువి లావుగానే నిలబడ్డాయి. ఆగస్టు పోయింది. దారాల ముడులు ఉన్నచోటే ఉన్నాయి.

"మట్టి గుణం పట్టేదానికి ఏడాదన్నా పట్టొచ్చు," అన్నాడు తిమోతి. ఆరునెలలు ఏడాది అయింది. జయశీల కలిపిన ఆయన కాఫీలో ఆ రోజు చక్కెర పడలేదు. అదీ మట్టి తేడానే అయి ఉంటుంది.

*

సెప్టెంబరు చివర ఒక జల్లు పడింది. నాలుగోనాడు పొద్దున్న పెరట్లోకి పోయిన జయశీల కేక పెట్టింది. తిమోతి సగం గీసిన గడ్డంతో, ఎలిశబెతమ్మ చేతిలో అట్లకాడతో పరిగెత్తుకొచ్చారు.

సన్న కొమ్ము పూసింది. ఎలక తోకలాంటి కొస పొడుగునా, పక్కనుంచి ఇక్కడొకటి అక్కడొకటి, తల వంచుకుని వేలాడుతున్న బుల్లి పువ్వులు. ఊదారంగు మీద పసుపు పట్టీ, అంచులకు సన్నటి నూగు. గాలి లేకపోయినా ఆ నూగు వణుకుతోంది. తరతరాలు తిని హరాయించుకున్నారుగాని, ఇంత అందం కడుపులో పడేసుకుంటున్నామని ఎవరికీ తెలియదు!

"చూడండి! చూడండి! ఒక్కొక్కటిగా పూసింది!"

తిమోతి భూతద్దం తెచ్చి వంగి చాలాసేపు చూశాడు. ఆయన ముఖం కూడా వెలిగింది. సైన్సు మాస్టారు మరి. కానీ వెంటనే సర్దుకున్నాడు. "బాగుండాది. లావుదీ అచ్చం ఇట్టాగే పూస్తాది, చూస్తా ఉండు."

అయినా సాయంత్రం బడి నుంచి స్పిరిటు సీసా ఒకటి బిరడాతో సహా తెచ్చి తనే ఇచ్చాడు, పూలు చెడిపోకుండా. జయశీల పూసిన కొమ్మొకటి అందులో వేసి, సీసాను అలమరలో ప్రార్థన పుస్తకాల పక్కన పెట్టింది. ఇక కావలసింది లావుదాని పువ్వు ఒక్కటే.

లావుది మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది.

అక్టోబరు రెండో వారంలో తిమోతికి జ్వరమొచ్చి తగ్గింది. ఆ మధ్యాహ్నం స్త్రీల సమాజం నుంచి తిరిగివచ్చిన జయశీలకు వాకిట్లోనే రోటి చప్పుడు వినిపించింది. దానితోపాటు మిరపకాయల కమ్మటి ఘాటు.

"అత్తా! ఏం నూరతా ఉండావు?"

"కొమ్ముల పచ్చడి. వాడికి జ్వరానికి నోరు చెడింది గదా."

"చెంచులక్ష్మి ఈ వారం రానేలేదే! ఏ కొమ్ములు?"

ఎలిశబెతమ్మ పొత్రం ఆపకుండానే అంది: "ఇంట్లో జాడీ నిండా ఉండగా చెంచులక్ష్మి కోసరం కాసుకోనుంటారా ఎవరన్నా?"

జయశీల పెరట్లోకి పరిగెత్తిన వేగానికి కోళ్లు గోడెక్కాయి. లావువాటి సగంలో రెండు మోళ్లు, ఒకే ఒక్క కొమ్ము. ఆమె అక్కడే చతికిలబడింది.

"ఇది ఎందుకు మిగిలిందత్తా?" అంది ఏడుపు ఆపుకుంటూ.

"దాని కొసన మొటిమల్లాగా ఏందో పుట్టి ఉండాది. పురుగేమోనని వదిలేసినాను."

జయశీల వంగి చూసింది. మోకాళ్ల మీద నిలబడి చూసింది. అత్తగారిని వాటేసుకుంది. పచ్చడి చేతులతో ఉన్న ఎలిశబెతమ్మకు తను చేసిన ఘనకార్యం ఏమిటో అర్థం కాలేదు.

పురుగు కాదు. మొగ్గలు! మొండి కొస మీద ఆవగింజలంత మొగ్గలు, ఇరవై దాకా, ఒకే చోట కుప్పగా. తినేవాళ్ల వంకే ఆ ఒక్క కొమ్మునూ కాపాడింది.

ఆ రాత్రి తిమోతి పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాడు. "అవతలి పక్షం సాక్షులను మీరే తినేస్తే ఎట్టాగండీ?" అంది జయశీల.

"రుచి చూసినాను గదా. సన్నదాని రుచే. రెండూ ఒకటే," అన్నాడు ఆయన వేళ్లు నాక్కుంటూ.

*

ఆవగింజలు మిరియాలయ్యాయి. మిరియాలు శనగలయ్యాయి. ఇరవయ్యో తేదీ, ఇరవై నాలుగు, ఇరవై ఏడు. మొగ్గలు ఉబ్బి ముదురు రంగుకు తిరిగాయిగాని విచ్చలేదు. జయశీల పొద్దున లేస్తే జాడీ దగ్గరే, బియ్యం పొయ్యి మీద పెట్టి జాడీ దగ్గరే. ముప్పై ఒకటి మంగళవారం. ముప్పయ్యో తేదీ సోమవారం పొద్దుటి మద్రాసు పాసింజరుకు సీసా ఎక్కకపోతే ఆ తరువాత ఎక్కినా ఒకటే, ఎక్కకపోయినా ఒకటే. ఆ బండిలో మద్రాసు పోతున్న ఉపదేశి భార్య సామ్రాజ్యమ్మ సీసాను చేతికిస్తానని మాటిచ్చింది.

ఇరవై తొమ్మిది ఆదివారం. ఆ నెల కూటం తిరిగి తిరిగి వీళ్లింటికే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి వాన. వాకిట్లో పరిచిన చాపలన్నీ ఎత్తి వెనక వసారాలో పరిచారు. వసారా అంచున, చూరు కింద, జాడీ. పాతికమంది సర్దుకుని కూర్చున్నారు. గుడి పాస్టరు జకరయ్య అయ్యగారు బైబిలు తెరిచారు.

మొదటి పాట రెండో చరణంలో ముందు వరుసలోని ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మూడో చరణంలో ఆమె పక్కనున్న ఇద్దరు. నాలుగో చరణం వచ్చేసరికి మగవాళ్ల గొంతులు సన్నబడ్డాయి, ఊపిరి బిగబట్టి పాడడం కష్టం గదా.

అయ్యగారు పాట అయ్యాక ఒక్క క్షణం ఆగి, మర్యాదగా అన్నారు: "మాస్టారూ, ఇంట్లో ఎలకేదో..."

తిమోతి చెవులు ఎర్రబడ్డాయి. లేచి ధాన్యం గుమ్మి కింద చూశాడు, కట్టెల వెనక చూశాడు. ఎలిశబెతమ్మ చీపురు తిరగేసి పొయ్యి సందులో పొడిచింది. "నిన్ననే గదా ఇల్లంతా కడిగినాము! ఎండుచేపల బుట్ట కూడా దొడ్లో పెట్టినానే!"

జయశీల మాత్రం కదల్లేదు. ఆమె గాలి పీలుస్తోంది. ఒకసారి, మళ్లీ ఒకసారి, ఇంకా గాఢంగా. కుళ్లిన చేప, చచ్చిన ఎలక కలిసినట్టున్న కంపు. ఆమె ముఖంలో మాత్రం మల్లెతోటలో నిలబడ్డ కళ. పక్కనున్నామె భయపడి కొంచెం జరిగి కూర్చుంది.

జాడీ చుట్టూ ఈగలు గుంయ్‌మంటున్నాయి.

"ఎలక కాదు!" జయశీల లేచి నిలబడింది. అయ్యగారి ముందు నుంచి, చాపలు తొక్కుకుంటూ, పిల్లల మీదుగా దాటుకుంటూ పరిగెత్తింది. "ఎలక కాదండీ! పూసింది! పూసింది!"

పూసింది. మొండి కొస మీద నిమ్మకాయంత బంతి. ఒకే కాడ కొసన ఇరవై పైచిలుకు పువ్వులు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎండిన నెత్తురు రంగులో దళసరిగా, తోలుతో కుట్టినట్టు. నూగు లేదు, వేలాడడం లేదు, తల వంచుకోవడం అంతకన్నా లేదు. సన్నదాని పూలకు దగ్గరికి పోతేగాని వాసన తెలియదు, ఇదేమో ఈగలకు వీధి చివరి దాకా కబురంపింది.

కూటం కూటమంతా ముక్కు మూసుకుని చుట్టూ మూగింది. జయశీల లోపలికి పరిగెత్తి స్పిరిటు సీసా తెచ్చి, సన్నదాని పువ్వు పక్కన పెట్టి చూపించింది. చూడడానికి భూతద్దం అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. ముందు వరుస ఆమె ముక్కు మీది కొంగు తీయకుండానే అంది: "రెండూ రెండే గదమ్మా!"

అందరి కళ్లూ తిమోతి వైపు తిరిగాయి. పందెం సంగతి అప్పటికే ఊళ్లో తెలియనివాడు లేడు.

తిమోతి భూతద్దంతో వంగి చూశాడు. లేచాడు. మళ్లీ వంగాడు. గొంతు సవరించుకున్నాడు.

"పువ్వు తేడాగా కనపడతా ఉండాది, నిజమే. కానీ ఆలోచించండి. లావుదానికి బలం జాస్తి. బలమున్నది గుంపుగా పూస్తాది, బలం లేనిది ఒకటీ అరా పూస్తాది. సన్నదానికి బలం చాలకనే..."

"బలం చాలకపోవడమేంది?" ఎలిశబెతమ్మ చీపురు కింద పెట్టింది. "ఏడు నెలల నుంచి దానికి నేను చేపలు కడిగిన నీళ్లు పోస్తా ఉంటే?"



"ఏమంటివి అత్తా?" జయశీల సీసాతోనే అత్తగారి వైపు తిరిగింది.

"నీళ్లు పోసినానంటి. బక్కదానికే. లావుది మన ఊరిది, దానికేం, అది యాడైనా బతకతాది. అది పరాయి ఊరినుంచి వచ్చింది. బక్కగా, బిక్కుబిక్కుమంటా ఒక పక్కన నిలబడి ఉంటే చూడలేకపోయినాను. దినామూ ఒక ముంత పోసినాను. మధ్యలో పేడ కూడా వేసినాను. మీరిద్దరూ లెక్కలని కోప్పడతారని చెప్పలా."

ఒకే మట్టి, ఒకే నీళ్లు, ఒకే ఎండ! ఏడు నెలల దారాలు, ముడులు, సోమవారం గ్లాసులు అన్నీ చేపల నీళ్లలో కొట్టుకుపోయాయి.

తిమోతి ముఖం వెలిగిపోయింది. "అయితే ప్రయోగం చెడింది! విన్నారు గదా అందరూ? రెండింటికీ సమంగా పెట్టలా! సన్నదానికే జాస్తి బలం పెట్టినారు! అట్టాంటప్పుడు సన్నది..."

అక్కడ ఆగిపోయాడు.

ఆయన చూపు జాడీ మీద పడింది. చేపల నీళ్లు తాగి, పేడ తిని, ఏడు నెలలు ముద్దు చేయించుకున్న సన్న కొమ్ము చిటికెనవేలంత సన్నంగా, ఎలక తోక కొసతో అలాగే నిలబడి ఉంది. సోమవారం గ్లాసు తప్ప ఎరగని లావుది లావుగా, కంపు కొడుతూ దాని పక్కనే ఉంది.

"పుటక అట్టాంటిది నాయనా," ఎలిశబెతమ్మ కోడలి వైపు చూసి అంది, చాలా మామూలుగా. "ఇది మాత్రం? వచ్చిన దినం నుంచి నేయి పోసినాను, గుడ్లు పెట్టినాను, పాయసాలు పోసినాను. తొమ్మిదేళ్లు. లావెక్కిందా? ఎంత పెట్టినా ఎవురి తీరు వాళ్లదే. అట్టని బలం లేదంటావా? నిన్ను నెగ్గుకొస్తా ఉండాది గదా!"

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు లేచి, మగవాళ్ల వైపుకు పాకి, చివరికి అయ్యగారి గడ్డం దాకా పోయింది. జయశీలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తగారు జాడీ దగ్గర రహస్యంగా వంచిన ముంత తన కంచంలో తొమ్మిదేళ్లుగా వంచుతున్న నేతి గిన్నేనని ఆమెకు అప్పుడే తట్టింది.

తిమోతి మాత్రం నవ్వలేదు. జాడీనే చూస్తున్నాడు. ఆయన ఎలాంటివాడైనా దొంగ లెక్క వేసే మనిషి కాదు. తన లెక్క ప్రకారమైతే సన్నది ఎప్పుడో లావెక్కి, గుంపుగా పూసి ఉండాలి. జయశీల సమంగా పెట్టిన ప్రయోగం కూడా ఇంత గట్టిగా చెప్పలేకపోయేది. అమ్మ చెడగొట్టి, తన వాదానికి మిగిలిన ఒక్క సందునూ మూసేసింది.

జకరయ్య అయ్యగారు మెల్లగా ముక్కు మీది చేతిరుమాలు తీశారు. "మాస్టారూ, పాట అయింది. ఇక సాక్ష్యాల వేళ."

జయశీల లావు పువ్వును కొమ్ముతో సహా తుంచి సీసాలో వేసి, బిరడా బిగించింది. పొద్దుటి పాసింజరుకు ఇంకా పద్నాలుగు గంటల టైముంది. ఆమె గుండె రైలు కంటే ముందే మద్రాసు చేరింది. అయినా సీసాను గుండెకు ఆనించుకుని, చాప మీద కూర్చుని, ఎదురుచూసింది.

తిమోతి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. చొక్కా సర్దుకుని, సంఘం ముందు నిటారుగా నిలబడ్డాడు. వాన తగ్గుతోంది. వసారాలో ఈగలు కూడా కాసేపు మెత్తబడ్డట్టు అనిపించింది.

"దేవుడు నన్ను మలేరియా నుంచి..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగాడు. పెళ్లాం వైపు చూశాడు, సీసా వైపు చూశాడు, చీపురు పక్కన నిలబడ్డ తల్లి వైపు చూశాడు.

"కాదు. వేరే చెప్పాల. పద్నాలుగేళ్లుగా మీ బిడ్డలకు నల్లబల్ల మీద రాసి మరీ చెప్పినాను, రెండూ ఒకటేనని. మా ఇంటిదానికి తొమ్మిదేళ్లుగా చెప్పినాను, మీ ఊరి మట్టిలో బలం లేదని." జాడీ వైపు వేలు చూపించాడు. "అవి రెండు. వెంకటాచలం మట్టికి ఏ లోటూ లేదు. నేను చెప్పింది తప్పు."